బోర్ కిట్ కొనే ముందు పిస్టన్ ఎందుకు పట్టేసిందో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 58 సీసీ చైన్ సా, రెండేళ్లుగా వాడుతున్నారు. జామాయిల్ దుంగలు కోస్తుండగా ఫుల్ రేజ్‌లో ఉన్న మిషన్ ఒక్కసారిగా బరువెక్కి ఆగిపోయింది. చల్లారాక తాడు లాగితే తిరుగుతోంది గానీ మునుపటి బిగువు (కంప్రెషన్) లేదు, స్టార్ట్ కావడం లేదు. మెకానిక్ చూసి బోరు (పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్), పిస్టన్ రెండూ పోయాయన్నాడు. ఆన్‌లైన్‌లో ఈ రెండూ కలిపి వచ్చే బోర్ కిట్ చవగ్గా కనిపిస్తోంది. ఇంట్లోనే మార్చుకోవచ్చా, మారిస్తే మళ్లీ పోకుండా ఉంటుందా అని.

మార్చుకోవచ్చు. బైకు కార్బరేటర్ విప్పి శుభ్రం చేసుకునేంత అలవాటు మీకుంటే ఇది మీ చేతిలో పనే, తీరిగ్గా చేస్తే ఒక పూట పడుతుంది. కానీ పిస్టన్ పట్టేయడానికి కారణం దొరక్కుండా కొత్త కిట్ వేస్తే అది కూడా పోతుంది, చాలాసార్లు మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోలు అయ్యేలోపే పోతుంది. నేను శ్రీకాకుళం జిల్లా పలాస వైపు చైన్ సాలు, బ్రష్ కట్టర్లు బాగుచేస్తుంటాను. నా దగ్గరకు వచ్చే పట్టేసిన మిషన్లలో కొన్ని అప్పటికే ఒకసారి కిట్ వేసినవి అయి ఉంటాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు బోరు విప్పొద్దు. సైలెన్సర్ ఒక్కటి తీయండి, రెండు బోల్టులే. తాడు మెల్లగా లాగుతూ ఎగ్జాస్ట్ కన్నంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కభాగం చూడండి. నున్నగా ఉండి, నిలువుగా సన్నటి గీతలు ఒకటీ అరా ఉంటే పిస్టన్ బాగున్నట్టే, అప్పుడు మీ సమస్య ఇంకెక్కడో ఉంది. అల్యూమినియం చెరిగిపోయి, ముద్దగా పూసినట్టు కనిపిస్తే, రింగు గాడిలోనే అతుక్కుపోయి కదలకుండా ఉంటే మెకానిక్ చెప్పింది నిజం. తర్వాత కార్బరేటర్ తీసి ఇన్‌టేక్ వైపు (పెట్రోలు, గాలి లోపలికి వచ్చే వైపు) నుంచి కూడా అలాగే చూడండి. ఈ రెండు వైపుల్లో దెబ్బ ఎటు ఉందన్నదే అసలు సంగతి.

ఎగ్జాస్ట్ వైపు మాత్రమే గాట్లు పడి, ఇన్‌టేక్ వైపు బాగుంటే ఇంజిన్‌కి పెట్రోలు చాలలేదు, లేదా పెట్రోల్లో ఆయిల్ చాలలేదు. ఎగ్జాస్ట్ వైపే పిస్టన్ అన్నిటికంటే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి నూనె పొర ముందు అక్కడే తెగిపోతుంది. ఆయిల్ అసలు కలపకుండా పోసినవాటిలో దెబ్బ ఇంకా వెడల్పుగా, పిస్టన్ చుట్టూ పాకి ఉంటుంది, లోపల క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) దగ్గర వేలు పెట్టి చూస్తే పొడిగా తగులుతుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువై పట్టేసినదాంట్లో మాత్రం లోపల ఇంకా నూనె జిడ్డు ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది.

ఇన్‌టేక్ వైపు మెరుపు పోయి, ఎమరీ పేపరుతో రుద్దినట్టు బూడిద రంగులో అరిగి ఉంటే అది దుమ్ము పని. ఎయిర్ ఫిల్టర్ చిరిగిందో, సరిగ్గా కూర్చోలేదో చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక వచ్చిన మిషన్లలో ఈ రకం ఎక్కువ. ఇసుక నేల మీద పడిన మానుల్ని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కోశారు, కోసినప్పుడల్లా చైను ఇసుకను తాకి పైకి లేపింది, ఫిల్టర్ దులిపే తీరిక ఎవరికీ లేకపోయింది. అలాంటి మిషన్ ఒక్కసారిగా ఆగదు, బిగువు మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది. మీది ఫుల్ రేజ్‌లో ఉన్నట్టుండి ఆగింది కాబట్టి దుమ్ము అయి ఉండదని నా అంచనా, అయినా చూడండి.

పిస్టన్ చుట్టూ నాలుగు మూలల్లో నిలువు చారలు పడితే ఇంజిన్ తట్టుకోలేనంత వేడెక్కింది. ఫ్లైవీల్ దగ్గర, బోరు రెక్కల మధ్య రంపపు పొట్టు, నూనె కలిసి గట్టిపడి గాలి ఆడకపోవడం ఇందులో తరచూ కనిపించే కారణం. చల్లటి ఇంజిన్ని స్టార్ట్ చేసీ చేయగానే ఫుల్ రేజ్ ఇచ్చినా ఇలాగే అవుతుంది, పిస్టన్ ముందు వ్యాకోచిస్తుంది, బోరు వెనకబడుతుంది.

మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి మీది మొదటి రకం, అంటే ఎగ్జాస్ట్ వైపు దెబ్బ అనుకుంటున్నాను. దానికి కారణాలు మూడు చోట్ల వెతకాలి.

మొదటిది పెట్రోలే. మన దగ్గర ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు దాదాపు ఏ బంకులో కొట్టించుకున్నా అదే వస్తోంది. అందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం పడాలి. కార్లలో, కొత్త బైకుల్లో సెన్సర్లు చూసుకుని సర్దుకుంటాయి. చైన్ సా కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు, స్క్రూ ఎక్కడ తిప్పి పెడితే అక్కడే. పాత పెట్రోలుకి సరిగ్గా ట్యూన్ చేసి పెట్టిన మిషన్ ఏ స్క్రూ ముట్టుకోకుండానే లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) అయిపోతుంది. చాలా కంపెనీల చైన్ సా మాన్యువళ్లలో ఇథనాల్ 10 శాతం దాటొద్దనే రాసి ఉంటుంది. మనకు వేరే దారి తక్కువ కాబట్టి చేయగలిగింది రెండు: హెచ్ స్క్రూ (ఫుల్ రేజ్‌లో పెట్రోలు ఎంత రావాలో సర్దేది) కొంచెం తెరిచి మళ్లీ ట్యూన్ చేయడం, కలిపిన పెట్రోలు వారాల తరబడి నిల్వ ఉంచకపోవడం. ఇథనాల్ తేమను లాగుతుంది, నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి, ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెట్రోలు, ఆయిల్ పాళ్లు 25:1 అంటే లీటరు పెట్రోలుకి 40 మి.లీ. ఆయిల్, 50:1 అంటే 20 మి.లీ. మీ మాన్యువల్ ఏది చెప్తే అది, కానీ కొలిచి పోయండి, మూత లెక్కన వద్దు. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అనే గ్రేడు ఉన్న 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ తీసుకోండి. మా తీరంలో మత్స్యకారుల ఇళ్లలో పడవ మోటారు ఆయిల్ ఉంటుంది, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉంటుంది, అదీ టూ స్ట్రోక్ ఆయిలే కదా అని చైన్ సాలో పోస్తారు. అది నీళ్లతో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది. గాలితో చల్లబడే ఇంజిన్ వేడికి సరిపోదు, రింగులు గాడిలో అతుక్కుంటాయి.

రెండో చోటు కార్బరేటర్, దాని దారి. ట్యాంకులోని ఫిల్టర్, పెట్రోలు గొట్టం పగుళ్లు, గాలి ట్యాంకులోకి వెళ్లే వెంట్, కార్బరేటర్ లోపలి డయాఫ్రంలు (పలచటి పొరలు). డయాఫ్రం వేలితో నొక్కితే మెత్తగా ఆడాలి, ప్లాస్టిక్ కాగితంలా టకటకమంటే మార్చేయండి. బోరు విప్పుతున్నారు కాబట్టి డయాఫ్రం కిట్ ఎలాగూ వేసేయండి, ఖర్చు తక్కువ.

మూడోది ఎక్కువమంది వదిలేసేది: గాలి లీకు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ పెట్టె కూడా ఊపిరి పీలుస్తుంది. కార్బరేటర్‌కీ బోరుకీ మధ్య ఉండే ముక్క పగిలినా, దాని స్క్రూలు వదులైనా, బోరు కింది ప్యాకింగ్ పోయినా, క్రాంక్‌కి రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడినా కార్బరేటర్ని దాటి దొంగదారిన గాలి లోపలికి వస్తుంది. అప్పుడు స్క్రూలు ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలవదు. పిస్టన్ పోకముందు మీ మిషన్ రేజ్ వదిలాక కూడా కాసేపు అరుస్తూ ఉండి మెల్లగా దిగేదా? పక్కకు వంచితే ఐడిల్ (రేజ్ ఇవ్వనప్పటి వేగం) మారేదా? ఈ రెండింటికీ అవునంటే లీకు మీద అనుమానం పెట్టుకోండి.

ఒక రైతు మిషన్ గురించి చెప్తాను. ఆయన అప్పటికే రెండు కిట్లు వేయించుకున్నారు, వేసిన ప్రతిసారీ కొన్ని రోజులు బాగా కోసి మళ్లీ పట్టేసింది. కిట్ నాసిరకమని ఆయన నమ్మకం. గాలి పెట్టి చూస్తే ఏ లీకూ లేదు, ముల్లు కదల్లేదు. వాక్యూం లాగి చూస్తే మాత్రం ముల్లు వెంటనే పడిపోయింది. క్లచ్ వైపు ఆయిల్ సీల్ పెదవి గట్టిపడి ఉంది, లోపలి నుంచి గాలి నెట్టినప్పుడు షాఫ్టుకి అతుక్కుంటోంది, లోపలికి పీల్చినప్పుడు లేస్తోంది. చిన్న రబ్బరు సీల్ అది. దాన్ని మార్చి మూడో కిట్ వేశాక ఆ మిషన్ ఇప్పటికీ ఆయన జీడి తోటలో పని చేస్తోంది. అందుకే ప్రెషర్, వాక్యూం రెండూ చూడాలంటాను.

ఇంట్లో చేయడం కష్టం కాదు. సైలెన్సర్ కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి బోల్టులు బిగిస్తే ఎగ్జాస్ట్ మూసుకుంటుంది. ఇన్‌టేక్‌కి కూడా అలాగే రబ్బరు, దాని మీద చిన్న రేకు. పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఇనుప గుల్లకు గొట్టం అతికించి ప్లగ్గు చోట బిగించండి. గాలికి బీపీ చూసే పంపు చాలు, ముల్లు ఉన్న రకం. 300 దాకా ఎక్కిస్తే దాదాపు 6 పీఎస్‌ఐ, మనకు కావాల్సింది అంతే, అంతకు మించి పెట్టొద్దు, బాగున్న సీళ్లు కూడా లేస్తాయి. పిస్టన్ కిందికి దిగి ఉండాలి, లేకపోతే గాలి క్రాంక్ పెట్టెలోకి పోదు. ఒక నిమిషం చూడండి. ముల్లు దిగితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడొస్తుందో వెతకండి. క్రాంక్ కొంచెం కొంచెం తిప్పుతూ కూడా చూడండి. వాక్యూంకి కారు బ్రేకు ఆయిల్ బయటికి లాగడానికి వాడే చేతి పంపు పనికొస్తుంది, అది లేకపోతే రెండేళ్లు దాటిన మిషన్‌కి సీళ్లు రెండూ మార్చేయడమే మేలు. ఆ వైపు సీల్ కోసం క్లచ్ విప్పేటప్పుడు జాగ్రత్త, చాలా మిషన్లలో అది ఎడమ మర, వాచీ ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. క్రాంక్ తిరగకుండా ప్లగ్గు కన్నంలోంచి పత్తి తాడు దూర్చండి, పిస్టన్ ఎగ్జాస్ట్ కన్నం మూసేశాక మాత్రమే, లేకపోతే తాడు కన్నంలో ఇరుక్కుని తెగుతుంది.

పట్టేసిన పాత పిస్టన్ మీద ఈ పరీక్ష చేసినా పర్వాలేదు, లీకు ఉంటే తెలుస్తుంది. కొత్తది బిగించాక ఎలాగూ మళ్లీ చేయాలి.

ఇక బోరు. దాన్ని పారేయాలని ముందే అనుకోవద్దు. బోరు లోపల గట్టి పూత ఉంటుంది, నికాసిల్ (నికెల్‌తో వేసే పూత) గానీ క్రోమ్ గానీ. పట్టేసినప్పుడు ఎక్కువసార్లు పిస్టన్ అల్యూమినియం దాని మీద అతుక్కుంటుంది తప్ప పూత పోదు. 240 ఎమరీ పేపరుతో అడ్డంగా, వేళ్లతో మెల్లగా రుద్దితే అతుక్కున్నది వచ్చేస్తుంది. తర్వాత గోటితో పైకీ కిందికీ గీకి చూడండి. గోరు ఎక్కడా ఆగకపోతే పిస్టన్, రింగులు మారిస్తే చాలు. పూత లేచి లోపలి మెత్తటి అల్యూమినియం కనిపిస్తే మాత్రం ఆ బోరు పనికిరాదు. కొందరు బాత్రూం యాసిడ్ పోసి కడగమంటారు. నికాసిల్‌కి అది పని చేస్తుంది నిజమే, కానీ అదే యాసిడ్ క్రోమ్‌ని తినేస్తుంది, కన్నాల అంచుల దగ్గర తెరుచుకున్న అల్యూమినియాన్నీ తింటుంది. మీ బోరుకి ఉన్నది ఏ పూతో మీకు తెలియదు కాబట్టి యాసిడ్ జోలికి పోవద్దు.

కిట్ కొనాల్సి వస్తే సీసీ చూసి ఆర్డర్ పెట్టొద్దు. బోరు లోపలి వ్యాసం, పిస్టన్‌ని రాడ్‌కి కలిపే గజన్ పిన్ మందం వెర్నియర్‌తో (సన్నటి కొలతలు చూసే సాధనం) కొలిచి అవే కొలతలున్నది తెప్పించండి. 58 అని స్టిక్కర్ వేసి అమ్మే మిషన్లలో లోపలి కొలతలు అన్నీ ఒకటి కావు. కిట్ వచ్చాక అలాగే బిగించేయొద్దు, చవక బోరుల్లో కన్నాల అంచులు కత్తిలా ఉంటాయి, రింగు వాటికి తగులుకుని విరుగుతుంది. సన్నటి ఎమరీతో ఆ అంచుల్ని కొద్దిగా నునుపు చేయండి, పూత లేవకుండా. బోరు పక్క దారుల్లో (క్రాంక్ పెట్టె నుంచి పెట్రోలు, గాలి పైకి వచ్చే దారులు) పోత పోసినప్పటి ఇసుక, లోహపు పొడి ఉంటుంది, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టి, నూనె పూసి ఉంచండి.

విప్పే పని పెద్దగా చెప్పాల్సింది లేదు. 58 సీసీలో బోరు నాలుగు అలెన్ బోల్టులతో పైనుంచే ఊడుతుంది, పొడుగు టీ హ్యాండిల్ అలెన్ కీ కావాలి. విప్పే ముందు మిషన్ బయటంతా కడిగి ఆరబెట్టండి. బోరు లేవగానే క్రాంక్ పెట్టె నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, గజన్ పిన్‌ని పట్టి ఉంచే సర్‌క్లిప్ లోపల పడితే ఇంజిన్ మొత్తం చీల్చాలి. మా తీరం వైపు ఉప్పు గాలికి మెగ్నీషియం పెట్టె మీద తెల్ల బూజులా పట్టి బోల్టులు బిగుసుకుపోతాయి, అలాంటప్పుడు ముందు రోజు రాత్రే నూనె వేసి ఉంచండి. స్టిల్ 180, 250 లాంటి మిషన్లయితే పద్ధతి వేరు, వాటిలో బోరు అడుగు భాగం విడిగా ఉండి సీలెంట్‌తో అతుకుతుంది, ఇంజిన్ మొత్తం బయటికి తీయాలి. మీకు ఆ బాధ లేదు.

విప్పాక కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. నిలువుగా లూజు తగిలినా, క్రాంక్ తిప్పితే బేరింగు గరగరమన్నా ఆగిపోండి, ఆ ఇంజిన్ మీద బోర్ కిట్ డబ్బు పెట్టొద్దు. పక్కలకు కొంచెం ఆడటం మామూలే.

బిగించేటప్పుడు:

పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే రింగు చివరలు కన్నం మీదుగా పోయి తగులుకుంటాయి.

రింగు ముందు ఖాళీ బోరులో పెట్టి చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) చూడండి. 0.2 మి.మీ. కంటే తక్కువుంటే వేడికి చివరలు ఒకదాన్నొకటి నెడతాయి, కొద్దిగా ఆకురాయి పట్టాలి. సందు 1 మి.మీ. దగ్గరికి వస్తే బోరు అరిగినట్టు. పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు చివరలు దానికి అటూ ఇటూ కూర్చోవాలి.

సర్‌క్లిప్‌లు కొత్తవే వేయండి, తెరిచిన భాగం పైకి గానీ కిందికి గానీ ఉండేలా. పక్కకు ఉంటే పిస్టన్ పైకీ కిందికీ కొట్టే ఊపుకి అవి లేచి బోరుని చీల్చేస్తాయి. గజన్ పిన్ మీది నీడిల్ బేరింగు కూడా కొత్తదే.

పిస్టన్‌కి, బోరుకి 2టీ ఆయిల్ రాసి, రింగుని వేళ్లతో నొక్కి పట్టుకుని బోరు దించండి. దిగకపోతే బలం పెట్టొద్దు, రింగు పిన్ను మీదికెక్కింది, తీసి మళ్లీ సర్దండి. బోల్టులు మూలకి మూల కొంచెం కొంచెంగా బిగించాలి, ఆ ఎం5 బోల్టులకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. పెట్టెలోని మెత్తటి మరలు తొందరగా పోతాయి.

కిట్ మిషన్ కంపెనీది కాకుండా బయటిదైతే ఇంకో పని ఉంది. ప్లగ్గు కన్నంలోంచి మెత్తటి సోల్డర్ వైరు బోరు గోడ తాకేదాకా దూర్చి, గజన్ పిన్ ఉన్న దిశలో పట్టుకుని, క్రాంక్ ఒకసారి పైకి తిప్పండి. నలిగిన చివర వెర్నియర్‌తో కొలవండి. 0.5 మి.మీ. కంటే పలచబడితే పిస్టన్ బోరు పైకప్పుకి తగులుతుంది, మందం ప్యాకింగ్ వేయాలి. ఒక మిల్లీమీటరు దాటితే కంప్రెషన్ తగ్గుతుంది, స్టార్ట్ అవుతుంది గానీ కోతలో బలం ఉండదు.

కంప్రెషన్ గేజ్ దొరికితే కొత్తది బిగించాక 120 పైన, రింగు కూర్చున్నాక 150 పీఎస్‌ఐ దగ్గర చూపిస్తే బాగున్నట్టే. బైకు మెకానిక్ గేజ్ పెడితే తక్కువ చూపించవచ్చు. వాల్వు గొట్టం చివర, ప్లగ్గు దగ్గరే ఉన్న గేజ్ కావాలి. లేకపోతే ఆ గొట్టంలోని ఖాళీ ఇంత చిన్న ఇంజిన్‌కి ఎక్కువైపోతుంది.

చివరగా ట్యూనింగ్. కార్బరేటర్ మీది ఎల్ (తక్కువ రేజ్‌కి), హెచ్ రెండు స్క్రూలూ మెల్లగా పూర్తిగా మూసి ఒక్కో చుట్టు తెరవండి, స్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎల్‌తో, ఐడిల్ స్క్రూతో చైను తిరగకుండా నిలకడగా ఆడేలా పెట్టుకోండి. హెచ్ స్క్రూ చూసేటప్పుడు కోత లేకుండా ఫుల్ రేజ్ రెండు మూడు సెకన్లకు మించి పట్టుకోవద్దు. ఆ రేజ్‌లో శబ్దం కొంచెం ముద్దగా, తడబడుతున్నట్టు ఉండాలి, దుంగలో పెట్టగానే అది పోయి శుభ్రంగా పలకాలి. ఖాళీలోనే సన్నగా, ఈలలా అరిస్తే పెట్రోలు చాలట్లేదు, హెచ్ తెరవండి. కొత్త పిస్టన్ ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ పెట్రోలు వైపే ఉంచండి. మొదటి మూడు నాలుగు ట్యాంకులు చిన్న కొమ్మలు, మధ్యరకం దుంగలు కోయండి, బరువు పెట్టి నొక్కొద్దు, తర్వాత మళ్లీ ఒకసారి ట్యూన్ చేసుకోండి.

సైలెన్సర్, కార్బరేటర్ తీశాక పిస్టన్ ఫోటోలు రెండు పెట్టండి, ఎగ్జాస్ట్ వైపుది ఒకటి, ఇన్‌టేక్ వైపుది ఒకటి, టార్చి వెలుగులో. పెట్రోల్లో ఏ ఆయిల్ ఎంత కలుపుతున్నారో, రేజ్ వదిలాక శబ్దం ఎలా దిగేదో కూడా రాయండి. వాటిని చూసి మీకు పిస్టన్ చాలా, బోరు కూడా కొనాలా అన్నది చెప్తాను, అప్పటిదాకా కిట్ ఆర్డర్ పెట్టకండి.